తొలి సింగిల్‌కి కవర్ వచ్చింది, స్ట్రైక్ కొట్టాలా? ముందు ముద్ర సంగతి చూడండి

ప్రశ్న పెద్దది కాబట్టి కొత్తగా చదివేవాళ్ల కోసం కుదించి చెబుతాను. బెంగళూరులో ఉద్యోగం చేస్తూ శని, ఆదివారాలు కేఫుల్లో పాడే ఒక తెలుగమ్మాయి తనే రాసి, తనే బాణీ కట్టి, 2024 ఆగస్టులో మొదటి సింగిల్ విడుదల చేసింది. తొమ్మిది నెలల తర్వాత ఒక కుర్రాడు ఆ పాటని కీబోర్డు మీద నిదానంగా పాడి యూట్యూబ్‌లో పెట్టాడు. ఇలా ఇంకొకరి పాటని మళ్లీ పాడడాన్నే కవర్ అంటారు. రెండో చరణం వదిలేశాడు. ఒక లైనులో ఆడపిల్ల మాటని మగపిల్లాడి మాట చేశాడు. పాట ఎవరిదో కింద ఎక్కడా రాయలేదు. ఇప్పుడు దానికి ఈమె వీడియో కంటే ఆరు రెట్లు వ్యూస్. పైగా ఈమె వీడియో కిందే "ఆ అన్న పాట మీరూ బాగా పాడారు అక్కా" అని కామెంట్లు. స్ట్రైక్ కొట్టమని, అంటే కాపీరైట్ ఫిర్యాదు చేసి ఆ వీడియో తీయించమని స్నేహితులు, పోనీలే పేరొస్తుందని ఇంట్లో వాళ్లు. ఈలోగా ఒక చిన్న లేబుల్ (మ్యూజిక్ కంపెనీ) పాటని అవుట్‌రైట్‌గా, అంటే ఒకేసారి డబ్బిచ్చి హక్కులన్నీ కలిపి కొంటామని కాగితం పంపింది. అమెరికా గాయని ట్రేసీ చాప్‌మన్ పాట 'ఫాస్ట్ కార్'కి జరిగినట్టు నాకూ మంచే జరుగుతుందా, నా పాట నా చేతి నుంచి పోయినట్టేనా అన్నది ఆమె ప్రశ్న.

నేను చెన్నైలో ముప్పై ఏళ్లుగా ఉన్నాను. వడపళని, సాలిగ్రామం స్టూడియోల్లో గిటార్ వాయించాను, తర్వాత అరేంజ్‌మెంట్లు రాశాను, ఇప్పుడు ఎక్కువగా పిల్లలకి నేర్పుతున్నాను. లాయర్ని కాను. కాగితాల దగ్గర దెబ్బతిని కాగితాలు చదవడం నేర్చుకున్నవాణ్ణి.

ముందు జవాబు చెప్పేస్తాను. స్ట్రైక్ ఇప్పుడే కొట్టొద్దు. ఆ లేబుల్ కాగితం మీద సంతకం అసలే పెట్టొద్దు. ఎందుకంటే, ఇంకొకరు పాడినంత మాత్రాన పాట పోదు. పాటలో మన పేరు అంటుకుని లేకపోతే పోతుంది. ఫాస్ట్ కార్ కథలోనూ అసలు కీలకం అదే, అక్కడి నుంచే మొదలుపెడతాను.

ఆ పాట 1988 ఏప్రిల్‌లో వచ్చింది. అప్పటికి చాప్‌మన్‌కి 24 ఏళ్లు. ఒహాయో రాష్ట్రంలోని క్లీవ్‌లాండ్‌లో పుట్టి, బోస్టన్ పక్కన టఫ్ట్స్ యూనివర్సిటీలో చదువుకుంటూ, వీధుల్లోనూ కాఫీ షాపుల్లోనూ గిటార్ పట్టుకుని పాడిన మనిషి. ఆ ఏడాది జూన్ 11న లండన్ వెంబ్లీ స్టేడియంలో నెల్సన్ మండేలా 70వ పుట్టినరోజు కచేరీ జరిగింది. మండేలా ఇంకా జైల్లోనే ఉన్నారు. ఈమె తన వంతు పాటలు ముందే పాడేసింది. తర్వాత స్టీవీ వండర్ ఎక్కాల్సిన సమయానికి ఆయన వాద్యాల ప్రోగ్రామింగ్ ఉన్న హార్డ్ డిస్క్ కనపడలేదు. అది లేకుండా ఆయన వాయించలేనన్నారు. స్టేడియం నిండా జనం, టీవీలో ప్రపంచమంతా చూస్తోంది, స్టేజీ ఖాళీ. ఏర్పాట్లేమీ అక్కర్లేని మనిషి కావాలి. ఒక్క గిటారుతో ఈమెని మళ్లీ ఎక్కించారు. అప్పుడు పాడింది ఫాస్ట్ కార్. ఆ వేసవి ముగిసేసరికి పాట అమెరికా పాటల చార్టు హాట్ 100లో 6వ స్థానానికి, బ్రిటన్‌లో 5వ స్థానానికి చేరింది.

గిటార్ వాయించేవాళ్ల కోసం ఒక ముక్క. రెండో ఫ్రెట్ మీద కేపో (తీగల్ని నొక్కిపట్టే క్లిప్పు) పెట్టి సీ మేజర్ సెవెన్, జీ, ఈ మైనర్, డీ ఆకారాలు పట్టుకుంటే ఆ పాట వచ్చేస్తుంది. మొదటి నుంచి చివరి దాకా ఆ నాలుగే తిరుగుతుంటాయి. నా దగ్గరికి వచ్చే పిల్లలు మూడో నెలలోనే వాయిస్తారు. కానీ దాని పనితనం తీగల మీద లేదు. కోరస్ రావడానికి చాలాసేపు పడుతుంది. అందాకా ఆమె కథ చెబుతూనే ఉంటుంది: తాగే తండ్రి, వదిలేసి వెళ్లిన తల్లి, మానేసిన చదువు, చిన్న కొట్లో ఉద్యోగం, ఊరొదిలి పోదామన్న ఆశ. అదంతా విన్నాక డ్రమ్స్ ఒక్కసారిగా దిగుతాయి, కారు వేగం గుర్తొచ్చే చోట. చివరికొచ్చేసరికి ఏ మనిషితో కలిసి పారిపోయిందో అతనే రెండో తండ్రి అయి కూర్చుంటాడు. నాలుగు తీగలూ మారవు, బతుకూ మారదు. ఇలాంటి పాటని ఎవరు ఎలా పాడినా కథ నిలబడే ఉంటుంది. కవర్లు తట్టుకునే పాటంటే నా లెక్కలో ఇదీ.

ఇక కవర్ల సంగతి. 2011లో బ్రిటన్‌లో ఒక టీవీ టాలెంట్ షోలో ఒకతను ఈ పాట పాడాడు. మర్నాడు జనం వెతుక్కుంది పాత రికార్డునే. చాప్‌మన్ గొంతు అక్కడి చార్టులో మళ్లీ ఎక్కి, ఈసారి 4వ స్థానానికి వెళ్లింది, 1988 కంటే ఒక మెట్టు పైకి. 2015 చివర్లో జోనస్ బ్లూ అనే ఇంగ్లండ్ డీజే దీనికి డాన్స్ బీటు వేశాడు, పాడింది డకోటా అనే గాయని. బ్రిటన్‌లో 2వ స్థానం. ఆమె తొలి సింగిల్‌కి చేసిన కవరే అతని తొలి సింగిల్! నాకా వెర్షన్ నచ్చదు. ఆ బీటు మీద తండ్రి తాగుడు ఎవరి చెవికీ ఎక్కదు. కానీ కాలేజీ పిల్లలు చాలామందికి ఫాస్ట్ కార్ అంటే అదే, వాళ్లతో పోట్లాడి లాభం లేదు.

ఆ తర్వాత 2023లో ల్యూక్ కోంబ్స్. నార్త్ కరోలినాకి చెందిన కంట్రీ (అమెరికా పల్లెసీమల బాణీ) గాయకుడు, చిన్నప్పుడు నాన్నతో కలిసి విన్న పాటట. అమెరికా హాట్ 100లో 2వ స్థానం దాకా వెళ్లింది, అంటే అసలు పాట ఎక్కని ఎత్తుకి. కంట్రీ రేడియో చార్టులో మొదటి స్థానం. ఆ చార్టులో ఒక నల్లజాతి మహిళ ఒంటరిగా రాసిన పాట మొదటి స్థానానికి రావడం అదే తొలిసారి. ఆ నవంబరులో కంట్రీ మ్యూజిక్ అసోసియేషన్ వాళ్ల సాంగ్ ఆఫ్ ద ఇయర్ అవార్డు వచ్చింది. ఆ అవార్డు పాట రాసినవాళ్లకి ఇచ్చేది, అందుకని వెళ్లింది చాప్‌మన్ పేరు మీద. 35 ఏళ్ల నాటి పాటకి! అది అందుకున్న తొలి నల్లజాతి రచయిత కూడా ఆమే. 2024 ఫిబ్రవరి 4న గ్రామీ వేదిక మీద ఇద్దరూ కలిసి పాడారు. మొదటి గిటార్ ముక్క ఆమే వాయించింది. ఆమె పాడుతుంటే కోంబ్స్ పక్కనే నిలబడి పెదాలతో మాటలు కలుపుతూ చూస్తున్న చూపు ఒకసారి వెతికి చూడండి, కవర్ పాడేవాడికి ఉండాల్సిన మర్యాద ఏమిటో తెలుస్తుంది.

మీ ప్రశ్నకి పనికొచ్చే చిన్న వివరం ఇంకొకటుంది. ఆ పాటలో కథ చెప్పే మనిషి తాను కొట్లో బిల్లు కౌంటర్ దగ్గర పనిచేసే అమ్మాయినని చెప్పుకుంటుంది. కోంబ్స్ గడ్డం ఉన్న దిట్టమైన మగవాడు. అయినా ఆ 'అమ్మాయి' మాటని మార్చలేదు, అలాగే పాడాడు. విన్నవాళ్లెవరికీ ఎబ్బెట్టుగా అనిపించలేదు. మన కచేరీల్లో మగవాళ్లు క్షేత్రయ్య పదాలు పాడరా? నాయిక మాటల్ని నాయిక మాటల్లాగే పాడతారు కదా. మీ పాట పాడిన కుర్రాడికి ఆ ధైర్యం లేకపోయింది, అంతే.

ఇప్పుడు డబ్బు సంగతి, ఎందుకంటే చాప్‌మన్‌కి న్యాయం జరిగింది జనం మంచితనం వల్ల కాదు. అమెరికా చట్టం ప్రకారం ఒక పాట రికార్డు ఒకసారి బయటికొచ్చాక దాన్ని ఇంకెవరైనా పాడి రికార్డు చేసుకోవచ్చు. అనుమతి అడగక్కర్లేదు, కట్టాల్సింది కడితే చాలు. 1909 నుంచీ ఉన్న పద్ధతి ఇది. అప్పుడు కాపీకి 2 సెంట్లు, 2023లో 12 సెంట్లు. బాణీ మూల స్వరూపం మాత్రం మార్చకూడదు. ఇంకో తమాషా ఏంటంటే, అమెరికాలో మామూలు రేడియోలో పాట వేస్తే పాడినవాళ్లకి రాయల్టీ రాదు, రాసినవాళ్ల వైపే వస్తుంది. అంటే ఆ ఏడాది కంట్రీ స్టేషన్లలో కోంబ్స్ గొంతు మోగిన ప్రతిసారీ రేడియో డబ్బు వెళ్లింది చాప్‌మన్‌కి. సాహిత్యం ఆమెదే, బాణీ ఆమెదే, పబ్లిషింగ్, అంటే పాటని వాడుకున్నందుకు డబ్బు వసూలు చేసుకునే హక్కులూ ఆమె చేతిలోనే. పంచుకోవడానికి రెండో పేరు లేదు.

ఆమె వద్దన్న సందర్భం కూడా ఉంది. ఆమెదే ఇంకో పాటని నిక్కీ మినాజ్ తన ర్యాప్ పాటలో కలిపి వాడుకోవాలని అడిగితే ఒప్పుకోలేదు. ఆ ర్యాప్ ట్రాకు 2018లో రేడియోలో బయటపడితే కోర్టుకి వెళ్లింది. చివరికి 2021లో 4,50,000 డాలర్ల దగ్గర తెగింది. ఉన్న పాటని ఉన్నట్టు పాడడం వేరు, దాన్ని కోసి ఇంకో పాటలో అతికించుకోవడం వేరు. మొదటిదానికి అక్కడి చట్టం తలుపు తీసే ఉంచుతుంది, రెండోదానికి మనిషిని అడగాల్సిందే. పాట మొత్తం మళ్లీ పాడుకున్నవాళ్లతో ఆమెకి గొడవ లేదు, తను వద్దన్నాక కూడా కోసి వాడుకున్నవాళ్లతోనే వచ్చింది. ఈ తేడా మీరూ గుర్తుపెట్టుకోండి.

దీనికి వ్యతిరేకమైన ఉదాహరణ కూడా చెప్పాలి, లేకపోతే నేను తీపి కబుర్లే చెప్పినట్టవుతుంది. 1997లో నటాలీ ఇంబ్రూలియా తొలి సింగిల్ 'టోర్న్' ప్రపంచమంతా మోగింది. అది కవర్. అంతకుముందే ఎడ్నాస్వాప్ అనే బ్యాండు రికార్డు చేసింది, ఇంకా ముందు 1993లో డేనిష్ భాషలో ఒక గాయని పాడింది. ఎడ్నాస్వాప్ పేరు ఇవాళ ఎంతమందికి తెలుసు? జనం జ్ఞాపకంలో పాట పూర్తిగా చేతులు మారిపోయింది. అయినా రాసిన ముగ్గురి పేర్లూ క్రెడిట్స్‌లో ఉన్నాయి, అందులో ఇద్దరు ఆ బ్యాండు మనుషులే. పేరు మరుగున పడినా రాబడి మరుగున పడలేదు. కాబట్టి 'జనం అతని పాట అనుకుంటున్నారు' అన్న మీ బాధ నిజమే, దాన్ని పూర్తిగా తీర్చే మందు ఎవరి దగ్గరా లేదు. 'పాట నాది కాకుండా పోతుందా' అన్నదానికి మాత్రం మందుంది.

మనకి ఇది కొత్త విషయమేమీ కాదు. మార్గశిరం వచ్చిందంటే ఇక్కడ మైలాపూర్ నుంచి టీ నగర్ దాకా ప్రతి సభలోనూ త్యాగరాజ కీర్తనలే. ఆయన 1847లో పోయారు. అప్పటి నుంచీ పాడినవన్నీ కవర్లే కదా! ఉమయాల్పురం వాళ్లది ఒక పాఠాంతరం, తిల్లైస్థానం వాళ్లది ఒకటి, వాలాజపేట వాళ్లది ఇంకొకటి. సంగతులు మారతాయి, కాలప్రమాణం మారుతుంది. తెలుగు రాని గాయకులు పదాన్ని విరవకూడని చోట విరిస్తే నా పక్క సీటులో కూర్చున్న నెల్లూరాయన 'అయ్యయ్యో' అంటాడు, అది వేరే సంగతి. ఎన్ని మారినా చివరి చరణంలో త్యాగరాజు పేరు వచ్చి తీరుతుంది. పాడే ప్రతివాడూ నోటితో ఆ పేరు పలకాల్సిందే. క్షేత్రయ్యకి మువ్వగోపాలుడు, అన్నమయ్యకి వేంకటేశ్వరుడు. పాటలోనే కుట్టేసిన ముద్ర. పాట ఫైలుతో పాటు తిరిగే పేరు, వివరాలు, అదే మెటాడేటా అని ఇప్పుడు అంటున్నది దాన్నే.

అన్నమయ్య దగ్గర ఇంకో పాఠం ఉంది. రాగిరేకుల మీద మాటలు మిగిలాయి, రాగం పేరు మిగిలింది, బాణీ మిగల్లేదు. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారి లాంటి పెద్దలు కొత్తగా స్వరపరిస్తే మనం ఇవాళ పాడుకుంటున్నాం. మాట ఒకరిది, బాణీ ఇంకొకరిది, పాడిన గొంతు మరొకరిది. చట్టం కూడా సరిగ్గా ఇలాగే మూడు పొరలుగా చూస్తుంది: సాహిత్యం ఒక రచన, సంగీతం ఒక రచన, రికార్డింగు మూడోది. మీ విషయంలో మొదటి రెండూ పూర్తిగా మీవి. ఆ కుర్రాడిది అతని రికార్డింగు మాత్రమే, అదీ మీ రెండింటి మీద నిలబడ్డది.

ముద్ర లేకపోతే ఏమవుతుందో నా కథ చెబుతాను. 1990ల చివర్లో ఒక భక్తి క్యాసెట్‌కి ఎనిమిది పాటలు స్వరపరిచాను. రెండు కాల్షీట్లలో అన్నీ అయిపోయాయి. చేతికి నగదు ఇచ్చారు, నేను లెక్కపెట్టుకుని జేబులో వేసుకున్నాను. కాగితం అడగలేదు, వాళ్లూ ఇవ్వలేదు. కొన్నేళ్ల తర్వాత చెన్నై నుంచి నెల్లూరు వెళ్తూ నాయుడుపేట దగ్గర టీ కోసం ఆగితే, కొట్లో నా ట్యూనే వేరే గొంతులో మోగుతోంది. క్యాసెట్ అడిగి తీసుకుని పెట్టెలోని ఇన్లే కార్డు (పేర్లు అచ్చేసే అట్ట) తిప్పి చూశాను. 'సంగీతం: సంప్రదాయం' అని అచ్చేసి ఉంది. బతికుండగానే సంప్రదాయం అయిపోయాను. కంపెనీ వాళ్లని అడిగితే పాట మీదేనని చూపించండి అన్నారు. చూపించడానికి నా దగ్గర రాసుకున్న స్వరం కూడా లేదు, అది స్టూడియోలోనే వదిలేశాను. ఆ కంపెనీ ఇప్పుడు లేదు. కోపం చాలాకాలం ఉండేది, ఇప్పుడు ఆ కార్డు గుర్తొస్తే నవ్వొస్తుంది. అయినా పిల్లలు పాట పట్టుకొచ్చి వినిపిస్తే మొదట అడిగేది శ్రుతి గురించి కాదు, 'తేదీ వేసి ఎక్కడైనా దాచావా' అని.

మన చట్టానికి వద్దాం. 1957 కాపీరైట్ చట్టానికి 2012లో పెద్ద సవరణలు వచ్చాయి. అందులో కవర్లకి సంబంధించింది 31సీ సెక్షన్. అమెరికాలోలాగా మర్నాడే పాడేసుకోవడం మన దగ్గర కుదరదు. మొదటి రికార్డింగు చేసిన సంవత్సరం ముగిశాక ఐదు క్యాలెండర్ సంవత్సరాలు గడవాలి. మీరు 2024లోనే రికార్డు చేసి ఉంటే 2029 డిసెంబరు 31 దాకా ఈ సెక్షన్ ఎవరికీ పనికిరాదు. అందాకా ఎవరు పాడి రికార్డు చేసినా మీ అనుమతి ఉండాలి. ఐదేళ్లు దాటినా షరతులున్నాయి. ముందుగా నోటీసు ఇవ్వాలి, రాయల్టీ ముందే కట్టాలి, అదీ ఏడాదికి కనీసం 50,000 కాపీల లెక్కన. అది కవర్ అని స్పష్టంగా తెలిసేలా వేయాలి. సాంకేతికంగా తప్పనిసరైతే తప్ప మాటనీ బాణీనీ మార్చకూడదు. కాపీల లెక్క చూస్తేనే తెలుస్తోంది కదా, క్యాసెట్లు, సీడీలు మనసులో పెట్టుకుని రాసిన సెక్షన్ అని.

అంటే చట్టం మీ వైపే ఉంది. ఆ కుర్రాడు అడగాల్సింది, అడగలేదు. పేరు వేయాల్సింది, వేయలేదు. ఇది నా పాట అని చెప్పుకునే హక్కు 57వ సెక్షన్ కింద మీకు విడిగా ఉంది, పాట అమ్మేసినా అది పోదు. కాపీరైట్‌కి రిజిస్ట్రేషన్ తప్పనిసరి కూడా కాదు, పాట పుట్టినప్పుడే హక్కు పుడుతుంది. రుజువు ఎలా చూపిస్తారన్నదే తలనొప్పి. మీ ఫోన్లో మొదటిసారి కూనిరాగంగా రికార్డు చేసుకున్న ముక్క ఉందన్నారు కదా, అది బంగారం. ఫోన్ మార్చేలోపు ఇంకో రెండు చోట్ల దాచండి.

ఇంత బలం ఉన్నప్పుడు స్ట్రైక్ ఎందుకు వద్దంటున్నానంటే, స్ట్రైక్ కొడితే వీడియో పోతుంది. వీడియోతో పాటు దాన్ని విన్నవాళ్లు మిమ్మల్ని చేరే దారి కూడా పోతుంది. ఇప్పుడు ఆరు రెట్ల జనం అక్కడున్నారు. వాళ్లని మీ గుమ్మం దాకా నడిపించే బోర్డు ఒకటి అక్కడ పెట్టించుకోవడం తెలివి. 2011లో బ్రిటన్‌లో జరిగింది అదేగా, టీవీలో విన్నవాళ్లకి ఎవరిని వెతకాలో తెలిసింది. పైగా యూట్యూబ్‌లో 90 రోజుల్లో మూడు స్ట్రైకులు పడితే ఛానెలే పోతుంది. ఆ కుర్రాడికి ఇప్పటికే రెండు ఉన్నాయేమో మనకేం తెలుసు. పేరు వేయడం మర్చిపోయినవాడికి అంత శిక్ష నా మనసుకి ఒప్పదు. పాత పగలు నావి, మీరు మోయక్కర్లేదు.

ముందు అతనికి రాయండి. బహిరంగ కామెంటు వద్దు, విడిగా మెసేజ్ పంపండి. ఇలా ఉండొచ్చు: "మీరు పాడిన పాట విన్నాను, నెమ్మదిగా పాడడం నచ్చింది. ఈ పాట సాహిత్యం, సంగీతం నావి, 2024 ఆగస్టులో విడుదలైంది. వీడియో ఉంచుకోవడానికి నాకు అభ్యంతరం లేదు. టైటిల్‌లో కవర్ అని, వివరణ మొదటి లైనులో నా పేరు, నా పాట లింకు వారం లోపల పెట్టండి, కామెంట్లలో పైన పిన్ చేయండి. వేరే యాప్‌లలో పాటగా విడుదల చేయాలనుకుంటే ముందు నాతో మాట్లాడండి." ఇంతే. చట్టం, సెక్షన్ అని మొదటి మెసేజ్‌లో రాయకండి, కుర్రాళ్లు భయపడి బ్లాక్ చేసేస్తారు. మెసేజ్‌ని స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. వారం ఆగి, మళ్లీ ఒకసారి గుర్తుచేసి, అప్పటికీ ఉలుకూ పలుకూ లేకపోతే అప్పుడు స్ట్రైక్. అప్పుడు నేనూ వద్దనను.

ఈ వారంలోనే ఐపీఆర్‌ఎస్‌లో సభ్యత్వానికి అప్లై చేయండి. ఇండియన్ పెర్ఫార్మింగ్ రైట్ సొసైటీ, రచయితల, స్వరకర్తల రాయల్టీ వసూలు చేసి పంచే సంస్థ, 1969 నుంచి ఉన్నది. రచయితగా, స్వరకర్తగా రెండు పేర్ల కిందా మీ పాట నమోదు చేయించండి. మీ పాటని యాప్‌లకి చేర్చిన డిస్ట్రిబ్యూటర్ ఇచ్చిన ఐఎస్‌ఆర్‌సీ నంబరు మీ రికార్డింగుది మాత్రమే, పాటది కాదు. చాలామంది ఇక్కడే పొరబడతారు. ఆ కుర్రాడు రేపు తన కవర్ విడుదల చేస్తే దానికి వేరే ఐఎస్‌ఆర్‌సీ వస్తుంది, అందులో మీ జాడే ఉండదు. సొసైటీలో నమోదయ్యాక పాటకి వచ్చే ఐఎస్‌డబ్ల్యూసీ నంబరు వేరు, ఎవరు పాడినా పాటతోనే తిరుగుతుంది. త్యాగరాజ ముద్ర అన్నానే, ఇదీ అలాంటిదే.

యూట్యూబ్‌లో మీ పాట ఎక్కడ వాడినా గుర్తుపట్టే కంటెంట్ ఐడీ గురించి కూడా అడిగారు. డిస్ట్రిబ్యూటర్ ద్వారా పెట్టించుకోవచ్చు. వీడియో తీయించకుండా, దాని మీద వచ్చే యాడ్ డబ్బు మీ వైపు మళ్లించుకునే వీలు అందులో ఉంది. కానీ మీ ట్రాకులో అందరూ కొనుక్కునే రెడీమేడ్ లూపులు (తిరిగి తిరిగి మోగే వాద్య ముక్కలు) వాడి ఉంటే జాగ్రత్త, అదే లూపు వాడిన ఇంకెవరి పాట మీదనో మీ క్లెయిమ్ పడుతుంది, అప్పుడు తిట్లు తినేది మీరు. ప్రోగ్రామింగ్ చేసిన మీ స్నేహితుణ్ణి అడగండి.

స్నేహితుడి మాట వచ్చింది కాబట్టి: పాట మొదట్లో వచ్చే ఆ గిటార్ బిట్ అతను కట్టిందే అన్నారు. అరేంజ్‌మెంట్ చేసినంత మాత్రాన స్వరకర్త అయిపోరు. కానీ ఆ బిట్ లేకపోతే మీ పాటని జనం గుర్తుపడతారా? గుర్తుపట్టరనిపిస్తే పాట చిన్నగా ఉన్నప్పుడే ఎవరికెంత అన్నది ఒక ఈమెయిల్లో రాసుకోండి. పాట పెద్దదయ్యాక ఈ మాటలు మాట్లాడుకోవడం చాలా కష్టం. స్నేహాలు ఇక్కడే చెడతాయి. నాకు రెండు చెడ్డాయి.

కేఫుల్లో మీ పాట వేరేవాళ్లు పాడడం గురించి: అది రికార్డింగు కవర్ కాదు, బహిరంగ ప్రదర్శన. హక్కు వేరు. 2017లో బాలు గారు అమెరికా పర్యటనలో ఉండగా తన పాటలు అనుమతి లేకుండా వేదిక మీద పాడొద్దని ఇళయరాజా గారి తరఫున లాయరు నోటీసు వెళ్లింది, గుర్తుందా? కోడంబాక్కంలో టీ కొట్ల దగ్గర నెల రోజులు అదే చర్చ. సగం మంది రాజా గారి వైపు, సగం మంది బాలు గారి వైపు. 2019లో ఇద్దరూ మళ్లీ ఒకే వేదిక ఎక్కాక అందరూ ఊపిరి పీల్చుకున్నారు. మీ స్థాయిలో ఎవరైనా కేఫులో పాడితే సంతోషించండి, పేరు చెప్పమనండి చాలు.

చివరిగా లేబుల్ కాగితం. అవుట్‌రైట్ అన్న మాట వినగానే నాకు ఆ ఇన్లే కార్డు కళ్ల ముందు మెదులుతుంది. 2012 సవరణ తర్వాత 18వ సెక్షన్ ప్రకారం, సినిమాలో లేని పాటకి కూడా, రాసినవాళ్లూ స్వరపరిచినవాళ్లూ తమ రాయల్టీ వాటాని వదులుకోలేరు. హక్కు కొన్నవాళ్లతో సమానంగా పంచుకునే వాటా అది. వారసులకో, సొసైటీకో తప్ప ఇంకెవరికీ రాసివ్వడానికి కుదరదు. కాబట్టి 'అన్ని రాయల్టీలూ శాశ్వతంగా వదులుకుంటున్నాను' అని ఆ కాగితంలో ఉంటే ఆ లైను రాసినవాళ్లకి చట్టం తెలియదు, లేదా మీకు తెలియదని వాళ్ల నమ్మకం. 19వ సెక్షన్ కూడా చూడండి: ఎంత కాలానికో రాయకపోతే ఐదేళ్లకే లెక్క, ఎక్కడెక్కడికో రాయకపోతే ఇండియాకే లెక్క. అందుకే వాళ్లు 'శాశ్వతంగా', 'ప్రపంచవ్యాప్తంగా' అన్న మాటలు మర్చిపోకుండా వేస్తారు. అమ్మక తప్పదనుకుంటే ఈ రికార్డింగు వరకు, మూడేళ్లకో ఐదేళ్లకో ఇవ్వండి. సాహిత్యం, బాణీ మీ దగ్గరే ఉంచుకోండి.

ఇంకొక్క విషయం, ఇది వాద్యగాడిగా చెబుతున్నాను. రెండు వెర్షన్లూ నాలుగైదుసార్లు విన్నాను. అతను వదిలేసిన రెండో చరణమే మీ పాటకి ప్రాణం, అది తీసేశాక మిగిలింది తియ్యటి పల్లవి మాత్రమే. కానీ నెమ్మదిగా పాడడం వల్ల పల్లవిలో మాటలు అతని దగ్గర స్పష్టంగా వినపడుతున్నాయి, మీ దగ్గర డ్రమ్స్ కింద నలిగిపోయాయి. మీరే ఒక్క గిటారుతో, అర శ్రుతి దించి, అతని వేగంలో, రెండో చరణంతో సహా పాడి పెట్టండి. మీ పాటకి మీరు చేసే కవర్.

లేబుల్ కాగితంలో పేర్లు, నంబర్లు కొట్టేసి మూడో పేజీ ఫోటో ఇక్కడ పెట్టండి. మొదటి రెండు పేజీల్లో ఎప్పుడూ ఏమీ ఉండదు. శనివారం క్లాసులు అయ్యాక చదివి చెబుతాను.